ఆగింది వీడియో, అనుమానం కార్డు మీద

పాలకొల్లు దగ్గరి ఒక ఊరి నుంచి, పేరు వేయొద్దంటూ ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. ఆయనా, ఆయన అక్క భర్తా కలిసి రెండేళ్లుగా పెళ్లిళ్లకూ తీర్థాలకూ చర్చి కార్యక్రమాలకూ ఎల్‌ఈడీ వాల్ అద్దెకిస్తున్నారు. వాల్‌లో ఎక్కువ పెట్టుబడి బావగారిది. సీపీయూ ఈయనది, దాని మీద రెజల్యూమ్ ఎరీనా (వేదిక దగ్గర వీడియోలు కలిపి వాల్ మీద వేసే సాఫ్ట్‌వేర్) నడిపేదీ ఈయనే. వేదిక వెనక పెద్ద వాల్‌కి పీ 3.91 (పిక్సెళ్ల మధ్య దూరం 3.91 మి.మీ.) క్యాబినెట్లు, అంటే ఎల్‌ఈడీ పలకలు, అడ్డంగా 12, నిలువుగా 7. అటూ ఇటూ మూడు బై ఆరు చొప్పున రెండు చిన్న వాల్స్. సీపీయూ నుంచి వచ్చే బొమ్మని వాల్‌కి పంచే పెట్టె, అంటే ప్రాసెసర్, నోవాస్టార్ వీఎక్స్4ఎస్. సీపీయూలో ఐ5 10400, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, 1 టీబీ హార్డ్‌డిస్క్, 4 జీబీ ఎన్‌విడియా జీటీఎక్స్ 1650 గ్రాఫిక్ కార్డు.

మొన్న కార్తీకంలో తణుకు వైపు ఒక రిసెప్షన్‌లో పరువు పోయిందంటారు. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కొబ్బరితోటలో నడిచొచ్చే వీడియో మొదటి నుంచీ జర్కులు కొట్టింది. డాన్సుల టైంలో నాలుగు లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చిన వీడియోలు) ఒకేసారి వేస్తే బొమ్మ రెండు మూడు సెకన్లు బిగుసుకుపోయింది. చివర్లో జనరేటర్ మార్చినప్పుడు వాల్ మొత్తం నల్లబడి, తిరిగి వచ్చేసరికి ఇరవై అడుగుల తెర మీద డెస్క్‌టాప్ కనిపించింది. దాంతోపాటు, తెరిచి ఉన్న వాట్సాప్‌లో అప్పు గురించి బావగారు పెట్టిన మెసేజీ కూడా. పెళ్లివారు బ్యాలెన్స్‌లో కోత పెట్టారు.

అప్పటి నుంచి బావగారిది ఒకటే మాట: 24 జీబీ ఆర్‌టీఎక్స్ 4090 కార్డు వేసేద్దాం, రాజమండ్రిలో పెద్ద ఈవెంట్ల వాళ్ల దగ్గర అదే ఉంది. అందుకు రెండు లక్షల పైచిలుకు కావాలి, అక్క గాజులు కుదువ పెట్టాలి. అక్క ఏమీ అనకుండా తీసి ఇచ్చిందట. భీమవరంలో దుకాణం అతను ‘లైవ్‌కి క్వాడ్రోనే (ఎన్‌విడియా ప్రొఫెషనల్ రకం కార్డు) కరెక్టు’ అన్నాడు. స్నేహితుడు తన సెకండ్ హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఇస్తానంటున్నాడు. సంక్రాంతి నెత్తి మీదికొచ్చింది, ఆ తర్వాత మాఘమాసం ముహూర్తాలు. ‘ఏది కొనాలి? బావని కాదంటే పొత్తు చెడుతుంది, సరేనంటే అక్క గాజులు పోతాయి’ అని ఈయన బాధ.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మీరు మాటవరసకు రాసేసిన ఒక వాక్యం. ‘ఎల్‌ఈడీకి వెళ్లే కేబుల్ కార్డుకి, మా మానిటర్ మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐకి’ అన్నారు. ఆ మానిటర్ కేబుల్‌ని ఇవాళే పీకి కార్డుకి పెట్టండి. ఐ5 10400 లోపల ఇంటెల్ గ్రాఫిక్స్ విడిగా ఉంది. మానిటర్ దాని మీద, వాల్ 1650 మీద ఉంటే రెజల్యూమ్ ఒక గ్రాఫిక్స్‌లో తయారుచేసిన ప్రతి ఫ్రేమునూ ప్రివ్యూ కోసం ఇంకోదానికి మోయాలి. ఆ మోతలో వచ్చే జాప్యం వాల్ మీద కూడా కనిపిస్తుంది. 4090 వేసినా మానిటర్ అక్కడే ఉంటే ఇదే గొడవ. మీ 1650కి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్, డీవీఐ ఒక్కొక్కటి ఉన్నాయని రాశారు. మానిటర్‌కి డీవీఐ చాలు. మానిటర్‌లో డీవీఐ లేకపోతే ఒక చివర డీవీఐ, ఇంకో చివర హెచ్‌డీఎంఐ ఉన్న మామూలు కేబుల్ దొరుకుతుంది. వాల్‌కి హెచ్‌డీఎంఐ. మూడోది ఖాళీగా ఉంటుంది, భోజనాల దగ్గర టీవీ అడిగితే దానికి వాడుకోవచ్చు. తర్వాత బయాస్‌లోకి (సీపీయూ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి ఇంటెల్ గ్రాఫిక్స్‌ని ఆపేయండి, హడావుడిలో ఎవరూ మళ్లీ అక్కడ గుచ్చకుండా.

ఇప్పుడు వాల్ లెక్క చూద్దాం. బావగారి వాదన మొత్తం ‘మన వాల్ పెద్దది’ అన్నదాని మీద నిలబడింది కాబట్టి. పీ 3.91లో అర మీటరు క్యాబినెట్‌కి 128 బై 128 పిక్సెళ్లు. పెద్ద వాల్ 1536 బై 896, అంటే 13,76,256. చిన్న వాల్ ఒక్కోటీ 384 బై 768, రెండూ కలిపి 5,89,824. మొత్తం 19,66,080 పిక్సెళ్లు. మామూలు ఫుల్ హెచ్‌డీ టీవీలో ఉండేవి 20,73,600. మీ మూడు వాల్స్ కలిపినా ఒక టీవీకి లక్ష తక్కువే. అడుగుల్లో అది ఎంత పెద్దదైనా గ్రాఫిక్ కార్డుకి పిక్సెళ్లే కనిపిస్తాయి, అడుగులు కాదు. దీనికి 4090 అంటే పిల్లకాలువలో లాంచీ నడపడమే.

మూడింటినీ ఒకే అవుట్‌పుట్‌లో పంపొచ్చు కూడా. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 2304 బై 896 అని కస్టమ్ రిజల్యూషన్ చేసుకోండి. ప్రాసెసర్‌లో కూడా ఇన్‌పుట్ రిజల్యూషన్‌ని అంతకే సెట్ చేసి, ఇంటి దగ్గరే ఒకసారి చూసుకోండి. ఎడమ నుంచి 1536 వరకూ పెద్ద వాల్, ఆ పక్కనే రెండు చిన్న వాల్స్ ఒకదాన్నొకటి ఆనుకుని. వేదిక మీద అవి అటొకటి ఇటొకటి ఉన్నా క్యాన్వాస్‌లో (సీపీయూ పంపే 2304 బై 896 బొమ్మలో) పక్కపక్కన పెట్టమనడానికి కారణం ఉంది. నోవాస్టార్‌లో వాల్‌కి కేబుల్ వెళ్లే ఒక్కో నెట్‌వర్క్ పోర్టు 60 హెర్ట్‌జ్ దగ్గర (సెకనుకి 60 ఫ్రేములు) మోసేది ఆరున్నర లక్షల పిక్సెళ్లు. ఆ లెక్క కూడా క్యాబినెట్లను చుట్టి గీసిన దీర్ఘచతురస్రానికే. చిన్న వాల్స్‌ని క్యాన్వాస్‌కి రెండు చివర్లా పెట్టి ఒకే పోర్టు మీద వేస్తే మధ్యలో ఉన్న ఖాళీ అంతా లెక్కలోకొచ్చి పోర్టు దాటిపోతుంది. ఆనుకుని ఉంటే 768 బై 768, ఒక పోర్టులో ఇమిడిపోతుంది. పెద్ద వాల్‌కి రెండు పోర్టులు కొంచెంలో చాలవు, మూడు పడతాయి. అంతటితో వీఎక్స్4ఎస్‌లో ఉన్న నాలుగూ అయిపోతాయి. అంటే మీ సెట్‌లో ఇక జాగా లేనిది ప్రాసెసర్‌లో. రేపు పీ 2.9 క్యాబినెట్లకు మారితే ఇదే కొలతకి 33,86,880 పిక్సెళ్లవుతాయి. వీఎక్స్4ఎస్ మోసేది 23 లక్షలే. అప్పుడు ముందు మార్చాల్సింది అదే.

రిసెప్షన్‌లో జరిగిన మూడూ మూడు వేర్వేరు జబ్బులు.

మొదటిది, నడిచొచ్చే వీడియో జర్కులు. ఒక్క లేయరే ఉన్నప్పుడు, మొదటి సెకను నుంచీ, ఒకే లయలో జర్కు వచ్చిందంటే చూడాల్సింది వీడియో ఫ్రేమ్ రేటు. మన దగ్గర పెళ్లి కెమెరాలు చాలావరకు 25 లేదా 50 ఫ్రేముల్లో తీస్తాయి. మీ అవుట్‌పుట్ 60 హెర్ట్‌జ్‌లో ఉంది. 25 ఫ్రేముల్ని 60 సార్లలో పంచాలంటే ఒక్కో ఫ్రేముకి 2.4 సార్లు రావాలి. సగం సారి చూపించడం కుదరదు కాబట్టి ఒక ఫ్రేము రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు పడుతుంది. మనిషి నిలబడి ఉంటే ఎవరికీ తెలియదు. కెమెరా పక్కకి తిరిగినా, వెనక కొబ్బరి చెట్లు వరసగా కదిలినా ప్రతి చెట్టూ కుంటుతున్నట్టు కనిపిస్తుంది. దీన్ని ఏ కార్డూ బాగుచేయలేదు. అవుట్‌పుట్‌ని 50 హెర్ట్‌జ్‌కి మార్చండి, ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లు పడుతుంది. మానిటర్‌ని కూడా 50లోనే పెట్టండి. మానిటర్ 50 ఒప్పుకోకపోతే 60లో ఉంచి, మిగతా రోజుల్లో కూడా 75, 144 లాంటి అంకెలు ముట్టుకోకండి. రెండు తెరలు రెండు వేగాల్లో నడిస్తే అప్పుడప్పుడు ఒక ఫ్రేము జారడం మామూలే. డౌన్‌లోడ్ చేసిన బ్యాక్‌గ్రౌండ్ లూపులు ఎక్కువగా 30 లేదా 60లో ఉంటాయి. ఫలానా కార్యక్రమంలో ఏవి ఎక్కువో చూసుకుని హెర్ట్‌జ్ ఎంచుకోవాలి. పెళ్లివారి వీడియోలదే పైచేయి అయితే 50.

రెండోది, నాలుగు లేయర్లు పడగానే బిగుసుకోవడం. మీ ఫైళ్లన్నీ ఎంపీ4, హెచ్ 264. ఇందులో ఒక ఫ్రేము పూర్తిగా ఉంటుంది, తర్వాతివి ముందు దానికన్నా ఏం మారిందో మాత్రమే చెబుతాయి. వాట్సాప్‌లో పంపడానికి గొప్ప పద్ధతి. వేదిక దగ్గర మీరు క్లిప్పు మధ్యలోకి దూకుతారు, వెనక్కి తిప్పుతారు, బీటుకి తగ్గట్టు వేగం మారుస్తారు. అలా దూకిన ప్రతిసారీ ఆ గొలుసునంతా మొదటి నుంచి విప్పుకోవాలి. ఒకటీ రెండూ అయితే నడుస్తుంది. నాలుగైతే మెడ విరుగుతుంది.

దానికి మందు డీఎక్స్‌వీ అనే వీడియో ఫార్మాట్. రెజల్యూమ్ వాళ్లదే అలీ అనే ఉచిత కన్వర్టర్ ఉంది, క్లిప్పులన్నీ అందులో వేసి రాత్రికి వదిలేయండి. డీఎక్స్‌వీలో ప్రతి ఫ్రేమూ విడిగా, పూర్తిగా ఉంటుంది, విప్పే పని గ్రాఫిక్ కార్డే చిటికెలో చేస్తుంది. నార్మల్ క్వాలిటీ చాలు. కింది లేయర్ కనిపించేలా చుట్టూ పారదర్శకంగా ఉండాల్సిన లోగోలూ పేర్లూ ఉంటే వాటికి మాత్రం ఆల్ఫా (పారదర్శకత) ఉన్నది ఎంచుకోండి. ఫైళ్లు మాత్రం బాగా ఉబ్బుతాయి. ఫుల్ హెచ్‌డీలో ఒక ఫ్రేము ఎక్కువలో ఎక్కువ 1 ఎంబీ, 25 ఫ్రేముల మూడు నిమిషాల పాట 4.7 జీబీ దాకా. అందుకే కన్వర్ట్ చేసి హార్డ్‌డిస్క్ మీదే ఉంచితే పరిస్థితి ఇంకా చెడుతుంది. నాలుగు క్లిప్పులంటే సెకనుకి వంద ఎంబీకి పైగా, అదీ నాలుగు చోట్ల నుంచి ఒకేసారి. తిరిగే డిస్కులో ముల్లు ఆ నాలుగు చోట్ల మధ్యా పరుగెత్తడంతోనే సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అయినా సెకనుకి 500 ఎంబీ దాకా లాగుతుంది, మీకు అది ధారాళం. మదర్‌బోర్డులో ఎం.2 జాగా ఉంటే ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన ఎస్‌ఎస్‌డీ) పెట్టుకోండి. ర్యామ్ ఇంకో 8 జీబీ స్టిక్ జతచేయండి, ఉన్నదాని వేగానికి సరిపోయేది.

జీబీల గురించి ఒక అపోహ ఇక్కడే తీర్చాలి. బావగారు 24 జీబీ అంటున్నది ‘మన వీడియోలు పెద్దవి, కార్డులో పట్టాలి’ అనుకుని. వీడియో మొత్తం కార్డులోకి ఎక్కదు. ఏ క్షణానికి కావాల్సిన ఫ్రేములు ఆ క్షణానికి డిస్కు నుంచి వస్తాయి. మీ క్యాన్వాస్‌లో విప్పిన ఒక ఫ్రేము 8 ఎంబీ చిల్లర. ఆరు లేయర్లు, ఒక్కోదాని ఎఫెక్టులకి నాలుగైదు కాపీలు అనుకున్నా రెండు మూడు వందల ఎంబీ. విండోస్‌కీ ప్రివ్యూలకీ పోయేది కలిపినా 4 జీబీలో మీ ఇప్పటి పని ఇముడుతుంది. 8 జీబీ ఉంటే నిశ్చింత.

మూడోది, మీ పరువు తీసింది. హెచ్‌డీఎంఐలో అవతలి పరికరం తానెవరో, ఏ రిజల్యూషన్ తీసుకుంటుందో సీపీయూకి చెబుతుంది. దాన్నే ఈడిడ్ అంటారు. జనరేటర్ మార్చినప్పుడు ప్రాసెసర్ ఆరిపోయింది. సీపీయూకి యూపీఎస్ ఉంది కాబట్టి అది బతికే ఉంది. రెండో తెర మాయమైందనుకుని విండోస్ తెరల వరస మార్చేసింది. ప్రాసెసర్ మళ్లీ వెలిగేసరికి వాల్‌ని ఇంకో డెస్క్‌టాప్‌గా లెక్కేసుకుంది. మీరు కంగారులో ఉండగా అతిథులు వాట్సాప్ చదువుకున్నారు. చేయాల్సినవి చిన్నవే. ప్రాసెసర్‌ని కూడా సీపీయూ ఉన్న యూపీఎస్ మీదికి తేవాలి, ఎల్‌ఈడీ క్యాబినెట్లని మాత్రం కాదు. కార్డుకీ కేబుల్‌కీ మధ్య ఈడిడ్ ఎమ్యులేటర్ అనే బొటనవేలంత డాంగుల్ పెడితే అవతల ఏం ఊడినా తెర ఉన్నట్టే సీపీయూకి కనిపిస్తుంది. కొనేటప్పుడు మీ 2304 బై 896ని గుర్తుపెట్టుకోగల రకం అడగండి, కొన్ని మామూలు ఫుల్ హెచ్‌డీని మాత్రమే పట్టుకుని కూర్చుంటాయి. వాల్‌పేపర్ నల్లగా పెట్టి, ఐకాన్లు దాచేయండి. ఆ సీపీయూలో వాట్సాప్ ఉండకూడదు. ఇది సాంకేతిక సలహా కాదని మీకూ తెలుసు.

ఇక కార్డుల సంగతి. నాలుగు దారులున్నాయి.

ఏమీ కొనకపోవడం ఒకటి. పైన చెప్పిన ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, డాంగుల్, కేబుల్ మార్పుతో ఇప్పుడున్న పని ఇప్పుడున్న 1650 మీద నడుస్తుందని నా అంచనా. నష్టమేంటంటే పైన జాగా ఉండదు. నాలుగో తెర అడిగితే పోర్టు లేదు. కెమెరా లైవ్ మీద ఎఫెక్టులు, నాలుగైదు లేయర్ల మీద బ్లర్ వేస్తే కార్డు శక్తి చాలదు. ఒక సీజన్ అలా లాక్కొచ్చి, ఏం కావాలో తెలిశాక కొనొచ్చు.

మధ్య రకం కార్డు రెండోది. 3060 12 జీబీ అయితే 170 వాట్లు, 4060 8 జీబీ అయితే 115, కొత్త 5060 అయితే 145. వీటిలో ఎక్కువ మోడళ్లకు మూడు డిస్‌ప్లే పోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి, నాలుగు తెరలు ఒకేసారి నడుస్తాయి. 4060, 5060 ఎనిమిది లేన్ల కార్డులు, అంటే మదర్‌బోర్డుతో మాట్లాడే డేటా దారులు పదహారుకి బదులు ఎనిమిదే. మీ మదర్‌బోర్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3 కాబట్టి సగం దారే దొరుకుతుందని ఎవరైనా భయపెడతారు. ఆ సగం కూడా సెకనుకి దాదాపు 8 జీబీ. మీరు పంపేది వందల ఎంబీల్లో. పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవాల్సింది బయాస్: సీఎస్‌ఎం (పాత బూట్ పద్ధతి) ఆఫ్‌లో ఉండాలి, విండోస్ యూఈఎఫ్‌ఐలో (కొత్త బూట్ పద్ధతిలో) వేసి ఉండాలి, లేకపోతే కొత్త కార్డు పెట్టగానే నల్ల తెర రావొచ్చు, అది చూసి ‘కార్డు పోయింది’ అనుకుంటారు. ఇంకోటి ఎస్‌ఎంపీఎస్, సీపీయూ లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె. మీది సీపీయూ డబ్బాతో వచ్చిన 450 వాట్లదన్నారు. ఈ మూడు కార్డులకీ ఎన్‌విడియా చెప్పేది 550. పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఖర్చు కూడా కార్డు ధరలో కలిపి లెక్కేసుకోండి. ఊరికే వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద ఏ కార్డూ వేయకండి, 1650 బతికిందంటే అది 75 వాట్లతో సరిపెట్టుకుంటుంది కాబట్టి.

క్వాడ్రో మూడోది. ఆ పేరు తీసేశాక ఆర్‌టీఎక్స్ ఏ2000, ఏ4000 లాంటి పేర్లతో వచ్చాయి. దుకాణం అతను అబద్ధం చెప్పలేదు. ఆ కార్డుల్లో ఈడిడ్‌ని డ్రైవర్‌లోనే దాచుకోవచ్చు, డాంగుల్ అక్కర్లేదు. మొజాయిక్ అనే సదుపాయంతో నాలుగు అవుట్‌పుట్లని విండోస్‌కి ఒకే తెరగా చూపించొచ్చు. ఏ2000 తినేది 70 వాట్లే, మీ పాత ఎస్‌ఎంపీఎస్‌కి కూడా బరువు కాదు. ఒకే బొమ్మని మూడు నాలుగు అవుట్‌పుట్లలో ముక్కలు చేసి, అతుకు దగ్గర చిరగకుండా చూపించాల్సిన వాళ్లకి ఇవి అవసరం. మీ బొమ్మ మొత్తం ఒకే కేబుల్‌లో పోతోంది, అతుకే లేదు. అదే డబ్బుకి గేమింగ్ కార్డులో బలం ఎక్కువ వస్తుంది.

4090 నాలుగోది. నాచ్, టచ్‌డిజైనర్, అన్‌రియల్ ఇంజిన్ లాంటి సాఫ్ట్‌వేర్లలో అప్పటికప్పుడు త్రీడీ తయారుచేసేవాళ్లకి, 4కే తెరలు రెండు మూడు నడిపేవాళ్లకి అది న్యాయమే. రాజమండ్రి వాళ్లు ఏం చేస్తున్నారో మనకి తెలియదు. మీ దగ్గర దాని పర్యవసానాలు ఇవి: కార్డు ఒక్కటే 450 వాట్లు, కంపెనీ చెప్పే ఎస్‌ఎంపీఎస్ 850 వాట్లు, మీ 600 వీఏ యూపీఎస్ పూర్తి లోడులో దాన్ని మోయలేదు. కార్డు బరువు రెండు కిలోలు దాటొచ్చు. అది పడుకోబెట్టిన సీపీయూలో కాకుండా నిలబెట్టి, వ్యాన్‌లో కాలువగట్టు రోడ్ల మీద కుదుపులు తింటే స్లాటు మీద పడే లాగుడు మామూలుగా ఉండదు. పదహారు పిన్నుల పవర్ కనెక్టర్ పూర్తిగా కూర్చోకపోతే వేడెక్కి కరిగిపోవచ్చు. 2022 చివర్లో ఆ కార్డు వచ్చిన కొత్తలోనే ఇది పెద్ద వార్తయింది. ఇంట్లో ఒకసారి బిగించి వదిలేసే సీపీయూ వేరు, వారానికి మూడుసార్లు ఎక్కించి దించేది వేరు. ఇవన్నీ భరించినా తణుకులో జరిగిన మూడిట్లో ఒకటి కూడా తీరదు.

నన్నడిగితే, మొదటి దారితో సంక్రాంతి దాటించి, కెమెరా లైవ్ అడిగేవాళ్లు నిజంగా పెరుగుతుంటే మాఘానికి ముందు రెండో దారి పట్టడం మంచిది. కానీ పొత్తు మీది, నిర్ణయం మీది. మీకు ల్యాప్‌టాప్ ఒకటి ఉందన్నారు. దాన్ని ప్రాసెసర్‌లో డీవీఐ ఇన్‌పుట్‌కి కలిపి, వధూవరుల పేర్ల లూప్ ఒకటి ఎప్పుడూ తిరుగుతూ ఉంచండి. సీపీయూ మొండికేస్తే ప్రాసెసర్ మీద ఒక్క బటన్ నొక్కితే సరి. తణుకులో మీకు లేనిది ఇదే.

బావగారితో మాటల్లో గెలవాలని చూడకండి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష పెట్టండి. వాల్‌లో నాలుగు క్యాబినెట్లు దించి ఇంట్లోనే కలపండి. పాత ఫైళ్లతో, పాత కేబుల్ అమరికతో తణుకు సెట్ మళ్లీ నడపండి. టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి ఉంచి, బిగుసుకున్న క్షణంలో ఏ గీత వందకి తగిలిందో ఆయన్నే చదవమనండి. డిస్క్ వందైతే ఎస్‌ఎస్‌డీ కొనాలి. సీపీయూ అని రాసి ఉన్న గీత (అంటే ఐ5 చిప్పు) వందైతే ఫైళ్లు మార్చాలి. జీపీయూలో త్రీడీ గీత వందకి తగిలినా, డెడికేటెడ్ మెమరీ (కార్డు సొంత మెమరీ) నిండినా కార్డు అడగడంలో న్యాయం ఉంది, అప్పుడు నా అంచనా తప్పని ఒప్పుకుని రెండో దారికి వెళ్లండి. తర్వాత కేబుల్ మార్చి, డీఎక్స్‌వీ ఫైళ్లని అరువు తెచ్చిన ఎస్‌ఎస్‌డీ మీద పెట్టి అదే సెట్‌ని రెండు గంటలు ఆపకుండా నడపండి. మొదటి గంట బాగుండి రెండో గంటలో తేడా వస్తే అది వేడి, సీపీయూ డబ్బా ఫ్యాన్లూ దుమ్మూ చూడాలి. ఇంత చేసినా ఆయన పట్టు వీడకపోతే పెద్ద కార్డున్న సీపీయూని ఒక కార్యక్రమానికి అద్దెకి తెచ్చి పక్కపక్కన చూపించొచ్చు. ఒక రోజు అద్దె ఖర్చవుతుంది, రెండు లక్షల అప్పు కాదు.

అప్పు లెక్క కూడా కాగితం మీద వేసి చూపించండి. రెండు లక్షలకి నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా నెలకి రెండు వేలు. ఆషాఢంలోనూ, మూఢం వచ్చి ముహూర్తాలు లేని నెలల్లోనూ అది నడుస్తూనే ఉంటుంది. కొత్త కార్డు వేశామని పెళ్లివారు అద్దె పెంచి ఇవ్వరు. ఇంకో చిక్కు: వాల్ ఇద్దరిదీ, సీపీయూ మీది, గాజులు అక్కవి. ఆ డబ్బుతో కొన్న కార్డు మీ సీపీయూలోకి వెళ్తే రేపు పొత్తు విడిపోయినప్పుడు అది ఎవరిది? కొనాలనే తేలినా ముందు ఈ మాట రాసుకోండి, అక్క పేరు కూడా అందులో ఉండాలి. ఆమె ఏమీ అనలేదన్నారు, అంటే ఆమెని ఎవరూ అడగలేదని నాకు అర్థమైంది. అడగండి, బావగారు లేనప్పుడు కాదు, ఉన్నప్పుడే.

స్నేహితుడి 3060 తీసుకునేట్టయితే, డబ్బిచ్చే ముందు నాలుగు పోర్టులకీ ఒక్కోదానికీ తెర కలిపి చూడండి. స్టేజీల మీద తిరిగిన కార్డులో ముందు చచ్చేవి అవే. ఎర్త్ లేని జనరేటర్ మీద ఉన్న సీపీయూకి, వేరే లైను మీద ఉన్న ప్రాసెసర్‌కి, రెండూ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చితే పోర్టు కాలిపోవచ్చు. సీపీయూ బాడీకి టెస్టర్ పెడితే లైటు వెలిగిందా, చేయి పెడితే జివ్వుమందా, ఆ రోజు ఎర్త్ కడ్డీ దిగే దాకా ఏ కేబులూ గుచ్చకండి. తర్వాత అరగంట స్ట్రెస్ టెస్ట్ (కార్డుని పూర్తి లోడులో నడిపే పరీక్ష) పెట్టి, ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయో లేదో, తెర మీద చుక్కలు గీతలు వస్తున్నాయో చూసుకోండి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలిలో పనిచేసిన కార్డయితే బ్రాకెట్ స్క్రూల దగ్గరా పోర్టుల లోపలా తుప్పు ఉందేమో టార్చి వేసి చూడండి. అసలు బిల్లు, కార్డు మీద సీరియల్ నంబరు ఒకటే అయితే వారంటీ ఎంత మిగిలిందో కంపెనీ సైటులో కనుక్కోవచ్చు. బిల్లు లేదంటే ధర అడిగినదానికన్నా బాగా తగ్గించి అడగండి, స్నేహితుడైనా సరే.